చివర ఎవరు?

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. చెప్పవలసినవాళ్లు మీకు దూరంగా ఉండి, దగ్గరున్నవాళ్లకి తీరిక లేక, ఇన్నాళ్లూ ఇది మీ దాకా రాలేదు. కొత్త భాష మీకు ఆటస్థలంలోనే పట్టుబడిపోతుంది. పెద్దవాళ్లకి అలా పట్టుబడదు. వాళ్లకి ఒక్కో మాటా ఒక్కో గడప. అందుకే విసుక్కోకుండా వినండి. నేను విన్నది విన్నట్టు చెబుతాను. తెలియనిచోట తెలియదంటాను.

వోల్గా నది ఒడ్డున ఒక ఊరుంది. అక్కడ వైద్యం చదువుకుంటున్న మనవాళ్ల కోసం బొబ్బిలి నుంచి వెళ్లిన త్రినాథ్ ఒక మెస్సు నడిపేవాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్లలు తుడిచి, ఆ గదిలోనే పైడిరాజు మేష్టారు రష్యన్ భాష నేర్పేవారు. ఆయనది విజయనగరం పక్క పల్లె. వయసులో ఉండగా విశాఖపట్నంలో రష్యా ఇంజనీర్లకి దుబాసీగా పనిచేశారు. వాళ్ల వెంటే ఆ దేశం వెళ్లి, అక్కడి అమ్మాయిని పెళ్లాడి, అక్కడే ఉండిపోయారు. ఆవిడ పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. పాఠం చెప్పినందుకు ఆయన పుచ్చుకునేది ఒక గిన్నెడు పప్పుచారు. అది కూడా ఇంటికి పట్టుకెళ్లేవారు కాదు. అక్కడే, ఎవరో ఒకరి పక్కన కూర్చుని తాగేవారు.

మేష్టారికి ఒక అలవాటుండేది. కొత్తగా చేరినవాళ్లకి అక్షరాలతో మొదలుపెట్టేవారు కాదు, నమస్కారంతోనూ మొదలుపెట్టేవారు కాదు. "క్తో పస్లేద్నీ?" అనిపించేవారు. చివర ఎవరు అని అర్థం. ఆ మాట నోట్లో నానాకనే అక్షరాలు. అక్షరాలు వచ్చాక ఆయన హుషారు చూడాలి. "చూసేరా, ఈ భాషకీ మనకీ మేనరికం ఉంది. నేను వంటవాణ్ణి అనడానికి ఇంగ్లీషువాడికి మధ్యలో ఇంకో మాట కావాలి. వీళ్లకీ అక్కర్లేదు, మనకీ అక్కర్లేదు. నువ్వు వేరు, మీరు వేరు. పెద్దవాళ్లని పిలిస్తే పేరు పక్కన తండ్రి పేరు కూడా పలకాలి. మర్యాద తెలిసిన భాష, భయపడకండి" అనేవారు. అయితే ఆ చివర సంగతి మొదట ఎందుకని ఎవరైనా అడిగితే మాత్రం పప్పుచారు గిన్నె ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకునేవారు.

త్రినాథ్ భార్య పేరు నీలవేణి. నాలుగేళ్ల కూతురు ధాత్రిని తీసుకుని, మంచు మొదలయ్యే రోజుల్లో ఆ ఊరు చేరింది. మేష్టారి క్లాసులో వెనక బల్లమీద కూర్చునేది. అక్షరాలు అందరికంటే ముందే నేర్చుకుంది, మర్యాద మాటలన్నీ నేర్చుకుంది, ఆ మొదటి పాఠం ఒక్కటే ఒప్పజెప్పలేదు.

"ఇదేం పాఠం మేష్టారూ? ముందెవరని అడిగితే అర్థముంది. చివర ఎవరని అడిగి నేనేం చేసుకోను?" అంది ఓసారి.

"వదినా, చివర ఎవరో నీకు అడగక్కర్లేదులే. నీ బల్ల చూసుకో, నువ్వే!" అన్నాడు ముందు వరసలోని ఒక విద్యార్థి. అందరూ నవ్వారు. నీలవేణి కూడా నవ్వింది. కాని తర్వాత ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా కళ్లు చెమ్మగిల్లేవి.

ఎందుకంటే, ఆమెకి ఆ ఊళ్లో ఎవరూ లేరు. త్రినాథ్ తెల్లవారకుండా మెస్సుకి వెళితే రోజంతా తెలుగువాళ్ల మధ్యే. అతనికి రష్యన్ రాకపోయినా పప్పు ఉడుకుతుంది. ఆమెకి మాత్రం నాలుగో అంతస్తులో ఒక కిటికీ. ఆ కిటికీలోంచి పెద్ద కోట్లు వేసుకున్న మనుషులు కనిపించేవాళ్లు. ఎవరూ తల ఎత్తేవాళ్లు కాదు. మెట్లమీద ఎదురైతే ఆమె నవ్వేది, వాళ్లు నవ్వేవాళ్లు కాదు. ఆ దేశంలో తెలియనివాళ్లని చూసి నవ్వరని మేష్టారు చెప్పారు. చెప్పినంత మాత్రాన, తిరిగి రాని నవ్వుని మళ్లీ లోపల దాచుకోవడం ఎవరికైనా కష్టమే. కొన్నాళ్లకి ధాత్రి కూడా మాటలు తగ్గించేసింది. తల్లి చీర కొంగు వేలికి చుట్టుకుని, ఆ కిటికీ దగ్గరే నిలబడేది.

అప్పుడు ఒక దారి కనపడింది. దగ్గర్లోని పిల్లల బడిలో ధాత్రికి చోటు దొరికింది. పాప బడికి వెళితే తనూ మెస్సులో కూరలు తరిగి, వడ్డించి, నలుగురిలో పడుతుంది. పాపకీ నలుగురు పిల్లలు దొరుకుతారు. కావలసిందల్లా వైద్యుల కాగితం. పాలీక్లినిక్‌లో పాపని చూశారు, కాగితం రాశారు. దానిమీద ఒక గుండ్రటి ముద్ర పడాలి. ముద్ర లేకుండా కాగితం చెల్లదని, శుక్రవారం లోపల తేకపోతే ఆ చోటు ఇంకో పిల్లకి ఇచ్చేస్తామని బడి పెద్దావిడ ఖండితంగా చెప్పింది.

ముద్ర వేసేది ఒక్క గది. దాని ముందు పొడుగాటి వసారా, రెండు వైపులా బెంచీలు, కిటికీల్లో కుండీ మొక్కలు. సోమవారం నీలవేణి వెళ్లి తలుపుని ఆనుకుని నిలబడింది. మన రేషను దుకాణం దగ్గర నిలబడినట్టు, మొదటి మనిషినని అందరికీ తెలిసేలా. తలుపు తెరుచుకున్నప్పుడల్లా బెంచీలమీంచి ఎవరో ఒకరు లేచి, ఆమెని చేత్తో మెల్లగా పక్కకి జరిపి, లోపలికి వెళ్లారు. మధ్యాహ్నం గది మూసేశారు. మంగళవారం ధైర్యం చాలలేదు. బుధవారం అలా కాదనుకుంది. మర్యాదగా ఓ మూల కూర్చుని, పిలుస్తారని చూసింది. మన ఆసుపత్రిలో కాంపౌండరు పేరు పెట్టి పిలుస్తాడు కదా. ఇక్కడ ఎవరూ ఎవరినీ పిలవలేదు. గది మళ్లీ మూసేశారు. తాళం వేస్తున్న మనిషి ఆమె మీదుగా చూసి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం మెస్సు నుంచి కాసేపు ఇంటికొచ్చిన త్రినాథ్ కేకలేశాడు. "ఒక ముద్ర వేయించుకురాలేకపోయేవు! రెండు రోజులు పోయి కూర్చుని ఏటి చేసేవు? ఒకరినైనా అడిగేవా?"

"ఎవరిని అడగను? వాళ్లకి నేను కనపడితే కదా!"

అతను గొంతు తగ్గించి అన్నాడు. "పోనీ నీలా, మన కుర్రాళ్లు ఆదివారం బయల్దేరి సెలవులకి ఇంటికెళ్తున్నారు. పాపని వాళ్లతో పంపీసి, సాలూరులో మీ అక్క దగ్గర ఉంచుదాం. రెండేళ్లు. ఇక్కడ దానికి మాటే పోతోంది."

నీలవేణి తలుపు పక్కనున్న ధాత్రి చిన్న బూట్లు తీసి, వాటికంటిన మంచు బురద చాలాసేపు తుడిచింది.

ఆ రోజు క్లాసయ్యాక అందరూ వెళ్లిపోయినా ఆమె వెనక బల్ల దగ్గరే ఉండిపోయింది. మేష్టారు పప్పుచారు తాగుతున్నారు.

"మేష్టారూ, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. ఇంకా ఎన్ని మాటలు వస్తే ఈ ఊళ్లో ఒక మనిషి నాతో పలుకుతాడు?"

మేష్టారు గిన్నె దించారు. "ఏటయిందమ్మా?"

ఆమె అంతా చెప్పింది. తలుపు దగ్గర నిలబడ్డం, మూల కూర్చోవడం, తాళం వేసిన మనిషి చూపు, సాలూరు ప్రయాణం. "పిలవని పేరంటానికి వెళ్లకూడదని మా అమ్మ చెప్పేది. నేను వెళ్లి కూర్చుంటున్నదే పిలవని పేరంటం. ఆ పైన పరాయి మగవాళ్ల మధ్య నోరెత్తి అరవమంటారా? ఈ భాష నాకు రాదు మేష్టారూ. వచ్చినా వీళ్లు పలకరు. రేపట్నుంచి నేను రాను" అంది.

ఆయన గిన్నె అడుగున మిగిలిన చారు తాగేసి, గిన్నె బల్లమీద పెట్టారు.

"రేపు పొద్దున్న మళ్లీ వెళ్లు. నేనూ వస్తాను."

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. "మీరొచ్చి వాళ్లతో మాట్లాడతారా?"

"నీ తరఫున మాట్లాడను. నా పనిమీద నేనొస్తాను."

మర్నాడు గురువారం. శుక్రవారం కూడా ఉంది కదా అని ఆమె అనుకుంది గాని, శుక్రవారం ముద్ర గదికి సెలవని పాలీక్లినిక్ గుమ్మంలోకి వెళ్లాకే తెలిసింది. అక్కడి కాగితం మీద అక్షరాలు తనంతట తనే కూడబలుక్కుని చదివింది. చదవడం వచ్చినందుకు మొదటిసారి బాధ కలిగింది. అక్కడి పద్ధతి ప్రకారం ధాత్రి బూట్లకి నీలం రంగు ప్లాస్టిక్ తొడుగులు తొడిగి, తనవీ తొడుక్కుని లోపలికి నడిచింది. కోట్లు తగిలించే చోట మేష్టారు నిలబడి ఉన్నారు. ఆమె నవ్వింది. ఆయన, ఆ ఊరి మనిషిలాగే, నవ్వకుండా ముఖం తిప్పుకున్నారు.

వసారాలో జనం బాగానే ఉన్నారు. నీలవేణి పాపని ఒళ్లో పెట్టుకుని బెంచీ చివర కూర్చుంది. ఎవరూ వరసలో లేరు. ఒకాయన చేతికట్టుతో కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఒకావిడ ఊలు అల్లుతోంది. ఇద్దరు గోడకి జారబడి మాట్లాడుకుంటున్నారు. ఇంతలో ఎర్ర శాలువా కప్పుకున్న ఒక ముసలమ్మ వచ్చి, వసారా నడిమధ్యన ఆగి, ఎవరినీ చూడకుండా, అందరికీ వినపడేలా అంది: "క్తో పస్లేద్నీ?"

కిటికీ దగ్గరి చేతికట్టు మనిషి ఒక వేలు ఎత్తాడు. "యా." నేను, అని.

అంతే. ముసలమ్మ అతన్ని ఒకసారి తేరిపార చూసి, గుర్తు పెట్టుకుని, పోయి దూరంగా ఖాళీ ఉన్నచోట కూర్చుంది. వరస నేలమీద లేదు, గోడ పక్కన లేదు. ఒకరి తర్వాత ఒకరి జ్ఞాపకంలో ఉంది. ఈ మాట నీలవేణి సోమవారమూ విన్నది, బుధవారమూ విన్నది. ఏదో పలకరింపనుకుని ఊరుకుంది. తనని పక్కకి జరిపినవాళ్లు తన చోటు లాక్కోలేదు. తనకి అక్కడ చోటే లేదు. అడగలేదు కనక లేదు.

ఆమె ధాత్రిని కిందికి దించి లేచి నిలబడింది. పిలవని పేరంటం అనుకుంది. అమ్మ అనుకుంది. నోరు తెరిస్తే గాలి వచ్చింది గాని మాట రాలేదు. రెండోసారి తెరిచింది.

"క్తో... పస్లేద్నీ?"

గొంతు ఎంత చిన్నగా వచ్చిందో ఆమెకే తెలుసు. అయినా ఊలు అల్లేవిడ చెయ్యి ఆగింది, ఇద్దరు మనుషులు తలలు తిప్పారు. ఎర్ర శాలువా ముసలమ్మ చెయ్యెత్తింది. "యా, మీలయా" అంది. తల్లీ, నేను అని. తర్వాత ముసలమ్మ కిటికీ దగ్గరి మనిషిని వేలితో చూపించి, తనని చూపించుకుని, నీలవేణిని చూపించింది. తను నిలబడ్డ చోట ఒక మేకు కొట్టినట్టు నీలవేణికి అనిపించింది.

అప్పుడు మేష్టారు వచ్చారు. ఆ వసారాకి కొత్తవారిలాగే వచ్చి, కర్ర ఆనించి నిలబడి, గోడకేసి చూస్తూ అడిగారు. "క్తో పస్లేద్నీ?"

నీలవేణికి ఒక క్షణం అర్థం కాలేదు. ధాత్రి కొంగు లాగింది. "అమ్మా, తాత నిన్నే అడుగుతున్నాడు."

"యా," అంది నీలవేణి. ఆ రోజు ఆమె పలికిన మాటలన్నిటిలో అదే చిన్నది.

మేష్టారు తల ఊపి ఎదుటి బెంచీమీద కూర్చున్నారు. ఊలు అల్లేవిడ సూదులు ఆపి ఆయన్ని ఎగతాళి చేసింది. నీలవేణికి సగం తెలిసింది, సగం ఊహించుకుంది. "రాజ్ సింహాచలొవిచ్! మళ్లీ వచ్చారా? మొన్ననే కదా చూశాను, ఇంకా చావలేదా?" అందరూ నవ్వారు. అక్కడి మర్యాద ప్రకారం పేరు పక్కన తండ్రి పేరు పలకాలి కదా. పల్లెలో పోయిన మేష్టారి తండ్రి సింహాచలం గారిని ఆ వోల్గా ఒడ్డు జనం అలా రోజూ తలుచుకుంటున్నారు. "మీ ముందు చస్తే బాగుండదని ఆగేను" అన్నట్టు మేష్టారు ఏదో అన్నారు. మళ్లీ నవ్వులు.

తర్వాత చేతికట్టు మనిషి జేబులోంచి సిగరెట్టు తీసి ముసలమ్మకీ, నీలవేణికీ చూపించి, తన చోటు కిటికీ దగ్గరే ఉందన్నట్టు సైగ చేసి బయటికి వెళ్లాడు. ముసలమ్మ కునికిపాట్లు పడుతోంది. గది మూసే వేళ దగ్గరపడింది. ఊలు అల్లే ఆవిడ లోపలికి వెళ్లి వచ్చింది, గోడ దగ్గరి ఇద్దరూ వెళ్లి వచ్చారు. తలుపు తెరుచుకుని, "తర్వాత!" అని లోపల్నుంచి కేక వినిపించింది. చేతికట్టు మనిషి లేడు. ముసలమ్మ కళ్లు మూసుకుని ఉంది. తలుపు తెరిచి ఉంది. నీలవేణి చేతిలో కాగితం ఉంది.

ఆమె ఒక అడుగు వేసింది. సాలూరు వెళ్లే రైలు, చిన్న బూట్లు, మూసుకునే గది, అన్నీ ఆ అడుగులో ఉన్నాయి. మేష్టారు ఎదురుగానే ఉన్నారు. తన కర్ర చివర చూసుకుంటున్నారు.

నీలవేణి వెనక్కి తిరిగింది. వసారా చివరి గాజు తలుపు దగ్గరికి పరుగెత్తి, పిలవడానికి మాట తెలియక, గాజుమీద గాజులు మోగేలా తట్టింది. మంచులో సిగరెట్టు కాలుస్తున్న మనిషి అదిరిపడి చూశాడు. చూసి, సిగరెట్టు పారేసి, పరుగెత్తుకొచ్చాడు. ఆమె పక్కనుంచి వెళుతూ ఏదో అన్నాడు. అది మేష్టారు ఇంకా నేర్పని మాట. నీలవేణి తిరిగి వచ్చి ముసలమ్మ భుజంమీద చెయ్యి వేసి లేపింది. అతను వెళ్లాడు, ముసలమ్మ వెళ్లింది. వచ్చేటప్పుడు ముసలమ్మ తలుపు మూసుకుపోకుండా కాలు అడ్డం పెట్టి, నీలవేణి లోపలికి వెళ్లేదాకా అలాగే నిలబడింది. ముద్ర వేసే మనిషి తాళంచెవి పట్టుకునే ఉంది. తలుపులోని ముసలమ్మని చూసింది, పాపని చూసింది, నిట్టూర్చి కూర్చుంది. కాగితంమీద గుండ్రటి ముద్ర ధబ్బున పడింది.

నీలవేణి బయటికి వచ్చేసరికి గదికి తాళం పడింది. జనం కోట్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఎర్ర శాలువా ముసలమ్మ వెళుతూ ధాత్రికి చెయ్యి ఊపింది. ధాత్రి కొంగు వదిలి తనూ ఊపింది. ఎదుటి బెంచీమీద మేష్టారొక్కరే మిగిలారు.

"అయ్యో మేష్టారూ! నా తర్వాత మీరే కదా. నా మూలంగా మీ పని ఆగిపోయింది" అంది నీలవేణి. "రేపు సెలవట. మీ కాగితం ఇలా ఇవ్వండి, వచ్చే వారం పొద్దున్నే నేనొచ్చి వేయించుకొస్తాను. మీరు మళ్లీ కాళ్లు ఈడ్చుకుంటూ రావద్దు."

ఆయన చేతిలో కర్ర ఒక్కటే ఉంది. ఆమె ఆయన జేబుల వైపు చూసింది, బెంచీ వైపు చూసింది. ఎక్కడా ఏ కాగితమూ లేదు. ఊలు అల్లేవిడ ఎగతాళి అప్పుడు గుర్తొచ్చింది. మొన్ననే వచ్చారు కదా, అన్న మాట.

"మేష్టారూ, మరి మీకు ఇక్కడ పనేమిటి?"

మేష్టారు కర్ర ఊతంగా లేచారు. ఖాళీ అయిన వసారాని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చూశారు.

"చివర ఎవరని అడుగుతానమ్మా," అన్నారు. "ఎవరో ఒకరు, నేను అంటారు."

పిల్లలూ, కథ ఇంతే. ఆ తర్వాత ఆయన ఇంకేమన్నారో నేను వినలేదు. ఈ వరసలో మీకు ముందు నేనున్నాను. మీ తర్వాత వచ్చి ఎవరైనా అడిగితే, వాళ్లకి దీన్ని మీరు చెప్పండి.